వంచని మంచం

మా చిన్న తోడికోడలంటే నాకు కుళ్లు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కనిపెట్టి ముక్కున వేలేసుకోనక్కర్లేదు. ఈ గొడవ జరిగినప్పుడు అది భూమికి నాలుగొందల కిలోమీటర్ల పైన తిరుగుతోంది. నేను కింద, కిటికీ లేని గదిలో, స్కానింగ్ మిషన్ ముందు కూర్చుని దాని గుండె చూస్తున్నాను. అదే నా ఉద్యోగం. అంతరిక్షంలోకి వెళ్లేవాళ్ల గుండె, రక్తనాళాలు వెళ్లేముందు ఎలా ఉన్నాయి, పైన ఎలా మారుతున్నాయి, దిగాక ఎన్నాళ్లకి కుదుటపడుతున్నాయి, ఇవన్నీ బొమ్మలు తీసి డాక్టరుకివ్వాలి. పదహారేళ్లు చేశాను ఆ పని. ఒక్కళ్లూ వంక పెట్టింది లేదు.

దాన్ని ఇంట్లో అందరూ పిట్ట అంటారు. మనిషి అంతే ఉంటుంది మరి. రాకెట్టెక్కాక పేపర్లవాళ్లు కూడా ఆ పేరే పట్టుకున్నారు. మా మరిదిని పెళ్లి చేసుకుని ఇంటికొచ్చిన రోజు నుంచీ నన్ను నోరారా "అక్కా" అంటుంది. మా అత్తగారు దాన్ని నెత్తిన పెట్టుకుంటుంది. హాల్లో మా పెళ్లి ఫొటో ఉండే చోట ఇప్పుడు తెల్ల సూటు వేసుకుని పళ్లికిలిస్తున్న పిట్ట ఫొటో ఉంది. మా పెళ్లి ఫొటో చెప్పుల స్టాండు మీదికి వెళ్లింది. మా ఆయన్ని అడిగితే, "అక్కడ వెలుతురు బాగానే పడుతోందిగా" అన్నాడు. ఆయనతో అంతే.

అసలు మంట అది కాదు. అంతరిక్షానికి మనుషులు కావాలన్న ప్రకటన ఇంటికి తెచ్చింది నేను. దరఖాస్తు పెట్టింది నేను. "నువ్వూ పెట్టవే, సరదాగా" అని రెండో కాగితం దాని చేతిలో పెట్టిన మహాతల్లినీ నేనే. పరీక్షలన్నీ గట్టెక్కి చివరికి బల్ల పరీక్ష దాకా వచ్చాను. బల్లకి కట్టేసి, పడుకున్న మనిషిని చటుక్కున నిలువుగా లేపుతారు. రక్తం కాళ్లలోకి జారినప్పుడు గుండె దాన్ని తలకి ఎక్కించగలుగుతుందా లేదా చూస్తారు. తొమ్మిదో నిమిషానికి నాకు కళ్లు బైర్లు కమ్మాయి. కళ్లు తెరిచేసరికి నర్సు నా చెంపలు తడుతోంది. నా తర్వాత ఎక్కిన పిట్ట నలభై నిమిషాలు నిలబడి, అదే నర్సుని "మీ చెప్పులు ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. ఇంకేం చెప్పమంటారు!

ఇక నేను చేసిన ఘనకార్యం సంగతి.

పైకి వెళ్లే ప్రతి మనిషికీ ముందుగా మెడ స్కాన్ మూడు రకాలుగా తీయాలి. కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి, మంచాన్ని తలవైపు కాస్త కిందికి వంచి, పావుగంట ఆగి, ఇంకోసారి. ఆ మూడోదే ముఖ్యం. ఇక్కడ కాళ్లలో ఉన్న రక్తాన్ని పైకి తోడటానికి గుండె గొడ్డు చాకిరీ చేస్తుంది. పైన ఆ చాకిరీ లేదు. రక్తం తలవైపు చేరుతుంది, ముఖం ఉబ్బుతుంది, కాళ్లు పుల్లలవుతాయి. పని తగ్గిన గుండె కాస్త చిక్కి గుండ్రమవుతుంది. కొందరికి మెడలో ధమనులు ఆరు నెలల్లోనే పదేళ్లు పైబడ్డట్టు బిరుసెక్కుతాయి. మెడలో పెద్ద సిరలున్నాయే, తలలోంచి రక్తాన్ని కిందికి తెచ్చేవి, అవి ఉబ్బిపోతాయి. ఎప్పుడైనా వాటిలో రక్తం కదలకుండా నిలబడితే గడ్డ కట్టే భయం ఉంటుంది. మంచం వంచితే కింద ఉండగానే దానికి దగ్గర పరిస్థితి చూడొచ్చు. రేపు పైన ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి ఆ బొమ్మే ఆధారం.

పిట్టకి ఆ స్కాన్ నేనే తీయాలని అదే పట్టుబట్టింది. "అక్క చెయ్యి పడితేనే నాకు ధైర్యం" అందట డాక్టరుతో. ఎచ్చులు కాకపోతే! కూర్చోబెట్టి తీశాను, పడుకోబెట్టి తీశాను. ఈలోగా మా అత్తగారి ఫోను. అది స్పీకర్లో పెట్టింది. "తల్లీ, నీరసంగా ఉందా? ఏమైనా తిన్నావా? పెద్దదాన్ని మెల్లగా చెయ్యమను, దానిది మొరటు చెయ్యి." పిట్ట కిలకిలా నవ్వింది. పదహారేళ్లుగా నా చేయి పడ్డ ఒక్క మనిషి కూడా అబ్బా అనలేదు. మొరటు చెయ్యట!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంచం వంచి, పావుగంట దాని పక్కన కూర్చుని, దాని కబుర్లు వినడం నా వల్ల కాదనిపించింది. పడుకున్న బొమ్మలే కోణం కాస్త మార్చి మళ్లీ నాలుగు తీశాను. వాటి మీద "తల కిందికి" అని టైపు చేశాను.

"అయిపోయింది, లే" అన్నాను.

పిట్ట మంచం వైపు చూసింది. నా వైపు చూసింది. మెడ మీద జెల్ తుడుచుకుని, "థాంక్స్ అక్కా" అని వెళ్లిపోయింది.

మూడో నెలలో ఒక మంగళవారం, మధ్యాహ్నం మూడింటికి పైనుంచి స్కాన్. వాళ్ల చేతిలో పరికరం ఉంటుంది, కింద మా తెర మీద బొమ్మ వస్తుంది. ఎక్కడ పెట్టాలో, ఎంత నొక్కాలో నేను చెబుతుంటే వాళ్లు చేస్తుంటారు. మాట వెళ్లి తిరిగి రావడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది.

"ఎడమవైపు, కాస్త కిందికి. అక్కడే. నొక్కకు, ఊరికే ఆనించు."

"ఆనించానక్కా."

గదిలో అందరూ ముసిముసిగా నవ్వారు. ఆఫీసు లైన్లో అక్కా ఏమిటి! పళ్లు కొరుక్కుంటూ తెర చూశాను. చూసి ఆ సంగతే మర్చిపోయాను. సిర బాగా ఉబ్బి ఉంది. లోపల పొగ సుడులు తిరుగుతున్నట్టు బూడిదరంగు మసక. నొక్కమన్నాను. మామూలుగా సిర నొక్కితే పూర్తిగా మూసుకుపోవాలి. అది సగమే మూసుకుంది.

పెద్ద డాక్టరు నా వెనకే నిలబడ్డారు. నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. "ఇది మొదట్నుంచీ ఉన్న తీరా, కొత్తగా వచ్చిందా?" అని తనలో తానే అనుకుని, "పాత బొమ్మలు పెట్టండమ్మా, తల కిందికి వంచినవి" అన్నారు.

చేతులు వాటంతటవే ఆ బొమ్మలు తెచ్చి పెట్టాయి. పక్కపక్కన రెండూ. ఒకటి ఉబ్బి, మసకబారి. ఇంకోటి శుభ్రంగా, చక్కగా, పచ్చి అబద్ధంగా.

"వంచినప్పుడు కూడా ఇంత బాగుంటే, ఇది కొత్తదే" అన్నారు డాక్టరు. మైకులో పిట్టతో చెప్పారు. "గడ్డ కడుతోందేమోనని అనుమానం. రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెడదాం. వచ్చే వారం నీ నడక ఉండదమ్మా. పన్నెండు రోజుల్లో దిగే నౌకలో నిన్నూ తెచ్చేద్దామనుకుంటున్నాం. రేపు పదకొండింటికి మీటింగులో ఖాయం చేస్తాం."

నడక అంటే స్టేషన్ బయటికొచ్చి శూన్యంలో చేసే నడక. దానికోసమే అది ఆరేళ్లు నీళ్ల తొట్టిలో సాధన చేస్తూ మునిగి తేలింది. దానికోసమే పిల్లలు వద్దనుకుంది.

ఒకటి, రెండు సెకన్లు. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. "ఆ రోజు మంచం వంచలేదండీ" అని ఒక్క మాటంటే చాలు, దాని నడక దానికి దక్కొచ్చు. నా ఉద్యోగం ఊడుతుంది. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాను.

"సరే డాక్టరుగారూ" అంది పిట్ట. అంతే.

ఇంటికెళ్లాక మా అత్తగారు ఎదురొచ్చింది. టీవీలో ఇంకా ఏమీ రాలేదు కనక ఆవిడకేం తెలియదు. "చిన్నది ఎలా ఉంది? ముఖం ఇంకా ఉబ్బే ఉందా? అంత ఉబ్బినా కళగానే ఉంది చూడు" అంది. భోజనాల దగ్గర మా ఆయన నడక రోజుకి సెలవు పెడతానన్నాడు, మరిది ఆఫీసులో పెద్ద తెర కడుతున్నారట. నేను ముద్ద కలుపుతూనే ఉన్నాను, నోట్లోకి పోవడం లేదు.

నిజం చెబుతాను. ముందు నాకు సంతోషమే కలిగింది. నేను చెయ్యాల్సిందేమీ లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఎవరికీ ప్రమాదం లేదు, పైపెచ్చు జాగ్రత్తే. గడ్డో కాదో తెలియనప్పుడు దింపెయ్యడమే మంచిది కదా? ఏ డాక్టరైనా అదే అంటాడు. అది దిగొస్తుంది, నాలుగు రోజులు అందరూ అయ్యో అంటారు, ఆ తర్వాత అదీ నాలాగే ఇక్కడ నేల మీద ఉంటుంది. నాలాగే! ఆ మాట తలుచుకుంటే ప్రాణం చల్లబడింది.

కంచం కడుగుతుంటే మాత్రం ఇంకోటి తట్టింది. దానికి తెలుసు. మంచం వంచలేదని తెలిసి కూడా అది నోరెత్తలేదు. నా ఉద్యోగం పోతుందని తన నడకే వదులుకుంటోంది. నన్ను కాపాడుతోంది, నన్ను! ఇక చూడండి, ఒళ్లు ఎలా మండిందో. రాకెట్టు దానికే, ఫొటో దానికే, అత్తగారు దానికే. ఇప్పుడు మంచితనం కూడా దానికేనా? పన్నెండు రోజుల తర్వాత దిగొచ్చి, కళ్లు తిరుగుతుంటే నా భుజం పట్టుకుని "పర్లేదక్కా" అంటుంది. బతికినన్నాళ్లూ ఆ "పర్లేదక్కా" నేను మొయ్యాలి. ఛీ! నావల్ల కాదు. ఆ ఒక్కటీ దానికి దక్కనివ్వను అనుకున్నాను.

పొద్దున్న తొమ్మిదింటికే పెద్ద డాక్టరు గదికి వెళ్లాను. టీ తాగుతున్నారు.

"ఆ బొమ్మలు అబద్ధం సార్. ఆ రోజు మంచం వంచలేదు."

"ఎవరు?"

"నేనే."

"మంచం పాడైందా?"

"లేదు. కుళ్లు. అది నా తోడికోడలు. కుళ్లుకుని వంచలేదు."

ఆయన కప్పు కింద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. "పదహారేళ్లు మీ బొమ్మ చూసి మారుమాట లేకుండా సంతకం పెట్టాను" అన్నారు. "మిగతావాళ్లవి?"

"ఒట్టు సార్. అన్నీ సరైనవే."

"అది నేనెలా నమ్మాలమ్మా?"

పదహారేళ్లలో నేను తీసిన వేల బొమ్మలు ఆ ఒక్క ప్రశ్నతో బూడిదైపోయాయి. అక్కడే నిలబడి ఏడ్చాను, ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్లలాగా.

ఆయన మాత్రం లేచి మీటింగుకి కబురు పంపారు. పాత బొమ్మ చెల్లదు కనక తొందరపడి దింపొద్దు, ముందు ఇంకో పరీక్ష చేద్దాం అన్నారు. పైన ఒక తొడుగుంటుంది, నడుము దాకా వేసుకునే పీపా లాంటి లాగు. అందులోంచి గాలి లాగేస్తే రక్తం కాళ్లవైపు దిగుతుంది. రక్తం దిగాక ఆ మసక కరిగిపోతే అది మెల్లగా కదిలే రక్తం మాత్రమే. కరగకపోతే గడ్డ.

ఆ స్కాన్ నడిపించడం నాకు తప్ప ఎవరికీ సరిగ్గా రాదు. అందుకని మధ్యాహ్నం మళ్లీ నన్నే కూర్చోబెట్టారు, ఇద్దర్ని కాపలా పెట్టి. నేను తీసిన ప్రతి బొమ్మ కిందా వాళ్లు సంతకం పెట్టాలి. అంత అవమానంలోనూ నా గొంతు మాత్రం తడబడలేదు.

"తొడుగు ఆన్ చేశావా?"

"చేశానక్కా. కాళ్లు బరువెక్కుతున్నాయి."

"పది నిమిషాలు ఆగు. కళ్లు తిరిగితే వెంటనే చెప్పు. వీరత్వం చూపించకు."

పది నిమిషాలయ్యాక సిర సన్నబడింది. మసక ఇంకా ఉంది. ఆ క్షణంలో ఏం కోరుకున్నానో అడక్కండి, నాకే తెలియదు. పన్నెండో నిమిషానికి పొగ అంచుల నుంచి విడిపోతూ, పలచబడుతూ, మెల్లగా కిందికి కొట్టుకుపోయింది. "ఇప్పుడు నొక్కు" అన్నాను. నొక్కింది. సిర పూర్తిగా మూసుకుంది.

"గడ్డ లేదు" అన్నారు డాక్టరు. "రోజూ ఈ తొడుగు వేసుకోవాలి, రోజూ చూస్తాం. నడక ఉంటుంది."

గదంతా చప్పట్లు. కాపలా ఉన్న ఇద్దరిలో ఒకడు నా గుర్తింపు కార్డు అడిగి తీసుకున్నాడు. విచారణ తేలేదాకా లోపలికి రావద్దన్నారు. నమ్మరు గానీ, బస్సెక్కి ఇంటికెళ్తుంటే నాకు కాస్త గర్వంగానే ఉంది. ఉద్యోగం పోతే పోయింది, మంచితనంలో దాన్ని ఓడించాను కదా! దారంతా అదే అనుకుంటూ వెళ్లాను.

ఇంట్లో మాత్రం చెప్పుకోలేక చచ్చాను. మా ఆయన విని, "సర్లే, ఇంటిపట్టున ఉండు కొన్నాళ్లు" అన్నాడు. మా అత్తగారైతే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "నీకు నేనేం తక్కువ చేశానే?" అని కళ్లొత్తుకుంది. చెప్పుల స్టాండు వైపు చూపిద్దామనుకుని ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున్న పిట్ట ఇంటికి మాట్లాడే వేళ. అందరితో రెండేసి మాటలయ్యాక, "అక్కతో ఒంటరిగా మాట్లాడాలి" అంది. అత్తగారు మూతి తిప్పుకుంటూ వెళ్లింది. నేను తలుపేసుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. "పర్లేదక్కా" అంటుందని ఎదురుచూశాను. దానికి సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను.

"అక్కా, నువ్వు డాక్టరుగారికి ఎందుకు చెప్పావు?"

"నువ్వు నాకోసం నోరు మూసుకుంటే నేను చూస్తూ ఊరుకోవాలా? నీ త్యాగం నాకక్కర్లేదు."

తెరలో దాని ఉబ్బిన ముఖం ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"నీకోసం కాదక్కా" అంది. "నాకోసమే. తలకిందులుగా ఉండి ఎక్సర్‌సైజు చేస్తే ఎడమవైపు మెడ బిగదీసేది నాకు. చెవిలో హోరు. ఎప్పట్నుంచో ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నువ్వు మంచం వంచితే అది బయటపడి నన్ను ఆపేస్తారని చచ్చేంత భయపడ్డాను. నువ్వు వంచకుండా లే అన్నావు. ఎందుకలా చేశావో కూడా అడగలేదు, గబగబా లేచి వచ్చేశాను. మొన్న డాక్టరుగారు పాత బొమ్మలు బాగున్నాయన్నప్పుడు నోరు విప్పితే, నువ్వెందుకు చెప్పలేదని నన్ను అడుగుతారు కదా? అందుకే ఊరుకున్నా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. త్యాగం లేదు, పాడూ లేదు! లేని మంచితనంతో పోటీ పడి పదహారేళ్ల ఉద్యోగం పోగొట్టుకున్నాను. అంతకన్నా ఘోరం ఇంకోటి. ఆ రోజు నేను ఏ కుళ్లూ లేకుండా నా పని నేను చేసుంటే పిట్ట ఇక్కడే ఉండేది. దాన్ని పైకి పంపింది నా కుళ్లే.

"ఈ సంగతి డాక్టరుకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అన్నాను. గొంతులో ఉన్నదంతా విషమే.

"నిన్ననే చెప్పేశాను."

"ఏమన్నారు?"

"మెడకేం ఫరవాలేదట, నా సిర తీరే అంతట. కానీ దాచినందుకు నడక తీసేశారు. నాకు బదులు ఇంకొకరు వెళ్తున్నారు." అంటూ కళ్లు తుడుచుకుంది. "తిరిగొచ్చాక మళ్లీ పంపరు."

"పిచ్చిదానా! అంతా సర్దుకున్నాక ఎందుకు చెప్పావే? నిన్నెవరు అడిగారు?"

"నువ్వు చెప్పావు కదా! నువ్వు ఉద్యోగం పోయినా చెప్పేస్తే, నేను మాత్రం దాచుకుని నడవాలా? అందులో కూడా నువ్వే గెలవాలా?" ఇప్పుడు దానికీ కోపమొచ్చింది. ఇన్నేళ్లలో నా మీద గొంతు లేపడం అదే మొదటిసారి. "నీకేం తెలుసు? పైకి వెళ్లొచ్చిన వాళ్లందరూ నీ మాటే చెబుతారు. ఆవిడ గొంతు వింటే భయం పోతుందంటారు. నువ్వు తెర చూసి ఊ అంటేనే డాక్టరుగారు ఊ అనేవారు. నేనేమో మీరు నొక్కమన్న చోట నొక్కే దాన్ని. రాకెట్టెక్కితే నీ అంతదాన్ని అవుతాననుకున్నా. ఇక్కడికొచ్చినా నా మెడలో ఏముందో నాకు చెప్పాల్సింది నువ్వే అక్కా. నిన్ను చూసి కుళ్లుకోని రోజు లేదు నాకు!"

బయట అత్తగారు తలుపు తడుతోంది, సమయం అయిపోతోందని. పాపం, దాని నడక పోయింది. ఎన్నడూ తిరిగి రాదు. ఏదో ఒకటి ఓదార్పుగా అనాలి, పెద్దదాన్ని.

"సరిగ్గా వినబడలేదే" అన్నాను. "లైను బాలేదు. ఆఖర్న ఏమన్నావో మళ్లీ చెప్పు."

లైను శుభ్రంగా ఉంది. పిట్ట ముక్కు తుడుచుకుని, పాపం, మళ్లీ చెప్పింది.